తుపాకీ పెట్టెకు తాళం సరే, గోడ సంగతేమిటి?

పోయిన వానాకాలం అనకాపల్లి జిల్లాలోని ఒక కొండవార ఊళ్లో, మా సభ్యుడొకరి ఇంట్లో అర్ధరాత్రి పెద్ద చప్పుడైంది. దొంగలనుకుని కర్ర పట్టుకు లేచారు. చూస్తే గోడకు దిగ్గొట్టిన ఇనుప పెట్టె, మట్టి పెళ్లతో సహా ఊడి కింద పడి ఉంది. లోపల పంట కాపలా తుపాకీ. పెట్టె పడిన చోటుకు రెండు మూరల దూరంలో మనవడు నిద్రపోతున్నాడు. తుపాకీలో మందు లేదు, బిడ్డకు దెబ్బ తగల్లేదు. అయినా ఆ ఇంటి ఇల్లాలు ఆ తర్వాత నాలుగు రాత్రులు నిద్రపోలేదట.

ఇది ఒక్క ఇంటి గొడవ కాదు. చెరకు, మొక్కజొన్న, చిలగడదుంప వేసే ఊళ్లలో అడవి పందుల బెడద మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణకు మూతి నుంచి మందు కూరే తుపాకీకి దారి ఇచ్చింది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే వేరే నున్నటి గొట్టం తుపాకీకీ లైసెన్సు ఇవ్వొచ్చు. తుపాకీ ఉంది కదా అని పందిని కొట్టేయకూడదు, అది వేరే చట్టం. 2022 సవరణ తర్వాత అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. రాతపూర్వక అనుమతి లేకుండా చంపితే జైలుకు మనమే పోతాం. గాలిలోకి పేల్చి బెదరగొట్టడం వరకే మన పని.

తుపాకీని భద్రంగా దాచుకునే బాధ్యత మాత్రం పూర్తిగా లైసెన్సుదారుడిదే. షరతు తప్పితే 30వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష పడొచ్చు. సరే, దాచుకుంటాం. ఎక్కడ? మట్టి గోడకు మేకు నిలవదు. డొల్ల సిమెంటు ఇటుకలో బోల్టు బిగిస్తే రెండు గుంజులకే ఇటుక పగిలి వస్తుంది. ఠాణాల గోడలే తుపాకుల్ని కాపాడలేకపోయిన కథ మన మన్యానికి తెలుసు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి మూడు రోజుల్లో తుపాకులు పట్టుకుపోయింది. సర్కారు కట్టడాల గతే అది అయితే పూరిల్లు ఏపాటిది?

గోడను నమ్ముకోవద్దని మా మాట. నేలను నమ్ముకోండి. ఇంటి లోపలి మూలలో, పొయ్యికి దూరంగా, రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు లోతున గొయ్యి తవ్వి, ఒకటి రెండు నాలుగు పాళ్ల కాంక్రీటు పోయించండి. అది గట్టిపడితే రెండు వందల కిలోల బరువుంటుంది. ఎత్తుకుపోవడం ఇద్దరు ముగ్గురి వల్ల కాదు. కాంక్రీటు పోసేటప్పుడే ఇనుప యాంగిల్‌కు వెల్డింగు చేసిన నాలుగు బోల్టులు అందులో నిలబెట్టాలి. తర్వాత రంధ్రాలు వేద్దామంటే సగం పట్టు పోతుంది. వారం పది రోజులు నీళ్లు పెట్టి తడపాలి. నట్లు పెట్టె లోపలి నుంచే బిగించాలి, బయట కనిపిస్తే స్పానరు ఉన్న ప్రతివాడికీ తాళం చెవి ఇచ్చినట్టే.

పాత తుపాకీ గొట్టం పొడుగు, మామూలు బట్టల బీరువాలో పట్టదు. పెట్టె చేయించే ముందు తుపాకీని కొలుచుకుని కొలత కాగితం మీద రాసి వెల్డింగు షాపుకు తీసుకెళ్లండి, తుపాకీని కాదు. పెట్టె నిలువుగా పొడుగ్గా ఉంటుంది గనక పైభాగం ఊగకుండా ఒక పట్టీ కావాలి. స్లాబు ఇల్లయితే పిల్లరుకు బిగించండి, లోపలి చువ్వ తెగకుండా మేస్త్రీని చూసుకోమనండి. మట్టి గోడైతే పట్టీని ఇంటి నిట్రాటకు కట్టుకోవాలి. గోడకూ పెట్టెకూ మధ్య రెండు వేళ్ల సందు వదలండి. మన సముద్రపు గాలికి, మట్టి గోడ చెమ్మకు ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది.

మందు, కేపులు వేరే పెట్టెలో, వేరే తాళంతో ఉండాలి. కేపు తీసేస్తే తుపాకీ ఖాళీ అయిందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాదు, గొట్టంలో మందు అలాగే ఉంటుంది. ఖాళీ గొట్టంలో గజం కడ్డీ ఎంతవరకు దిగుతుందో దాని మీద గీత పెట్టుకుంటే, లోపల ఏమైనా ఉందో లేదో చీకట్లో కూడా వేలికి తెలుస్తుంది. ఇక తాళం చెవి! దేవుడి పటం వెనక పెడతారు మనవాళ్లు. ఇంట్లో పిల్లలందరికీ ముందు తెలిసే చోటు అదే.

ఇదంతా చేయడానికి డబ్బు కావాలి. కాంక్రీటు, ఇనుము, కూలీ కలిస్తే చిన్న రైతుకు అది భారమే. ఇటీవల ఒక కార్యాలయంలో మా సభ్యుడికి రెన్యువల్ కోసం వెళ్లినప్పుడు, "మీది పక్కా ఇల్లు కాదు కదా" అన్న మాట ఎదురైంది. పందులు పక్కా ఇళ్ల పొలాలకే వస్తాయా? పేదవాడి ఇంటిని చూసి లైసెన్సు కాదనడం మేము ఒప్పుకోం. తనిఖీకి వచ్చే అధికారి గోడను కాదు, పెట్టె పునాదిని చూడాలి. పునాది లేకపోతే ఎలా వేయాలో చెప్పి గడువివ్వాలి. గ్రామాల్లో వేసే సిమెంటు పనుల్లో ఈ చిన్న దిమ్మెకూ చోటు కల్పించాలి.

విశాఖ నగర పరిధిలో పోలీసు కమిషనర్‌కు, అనకాపల్లి, అల్లూరి జిల్లాల్లో కలెక్టర్లకు ఈ కోరికలతో వినతిపత్రం ఇస్తున్నాం. రెన్యువల్ దగ్గరపడిన సభ్యులు లైసెన్సు నకలు, ఇంటి గోడ రకం, పెట్టె కొలతలు రాసుకుని ఈ నెలాఖరులోగా మద్దిలపాలెం కార్యాలయానికి రండి. అద్దె ఇంట్లో ఉంటే యజమాని ఒప్పుదల కాగితం కూడా తెచ్చుకోండి, గచ్చు తవ్వాలంటే ఆయన మాట అడగాలి కదా.