డయాలసిస్ ఇంట్లో ఎముకల మాట

కిడ్నీలు దెబ్బతిన్నవారి ఇంట్లో మాటలన్నీ క్రియాటినిన్ చుట్టూ, వారానికి రెండుమూడుసార్లు చేయించే డయాలసిస్ చుట్టూ తిరుగుతుంటాయి. ఎముకల సంగతి ఎవరికీ గుర్తుకురాదు... బాత్‌రూమ్‌లో కాలు జారి తుంటి ఎముక విరిగేదాకా! డయాలసిస్ మీదున్నవారిలో తుంటి విరిగే ముప్పు మామూలువారికంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువని అమెరికాలో తెల్లజాతి రోగులపై చేసిన అధ్యయనం 2000లోనే చెప్పింది.

ఎందుకిలా? కిడ్నీల పని రక్తాన్ని వడపోయడమొక్కటే కాదు. విటమిన్-డిని ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చేదీ, ఎక్కువైన ఫాస్ఫరస్‌ను బయటికి పంపేదీ అవే. ఆ పని కుంటుపడితే ఫాస్ఫరస్ పెరుగుతుంది, క్యాల్షియం తగ్గుతుంది. ఈ లోటు పూడ్చటానికి మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్‌ను ఎక్కువగా వదిలి, ఎముకల్లోని క్యాల్షియాన్ని లాగేస్తుంటాయి.

అయితే అందరి ఎముకలూ ఒకేలా దెబ్బతినవు. వయసు, మధుమేహం, ఎన్నేళ్లుగా డయాలసిస్ చేయించుకుంటున్నారన్నది... ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వీటితోపాటు వంశపారంపర్యమూ ఉంది. ఎముక ఎంత గట్టిగా ఉంటుందన్నది చాలావరకు జన్యువులను బట్టే ఉంటుంది. విటమిన్-డిని అందుకునే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు వీటిలో ఒకటి. కానీ ఇలాంటివి వందల్లో ఉన్నాయి, ఒక్కోదాని ప్రభావమూ కొంచెమే. అందుకే ఏదో ఒక జన్యు పరీక్ష చేయించి 'ఎముక విరుగుతుంది, విరగదు' అని తేల్చలేరు. అంతకంటే తేలికైన ఆధారం ఇంట్లోనే దొరుకుతుంది. అమ్మకో, నాన్నకో తుంటి ఎముక విరిగిందా? డాక్టర్ అడగకపోయినా ఆ సంగతి చెప్పాలి.

వంశంలో ఉందికదా అని అమ్మకు రాసిన ఎముకల మందే కొడుక్కి వేయటం మాత్రం ప్రమాదం. డయాలసిస్ రోగుల్లో కొందరికి ఎముక వేగంగా కరిగిపోతుంటే, కొందరికి కొత్త ఎముక తయారవటమే దాదాపు ఆగిపోతుంది. ఇద్దరికీ ఒకే మందు పనికిరాదు. గుల్లబారిన ఎముకలకు ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌తో డయాలసిస్ రోగుల్లో క్యాల్షియం ప్రాణాల మీదికి తెచ్చేంతగా పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో గట్టిగా హెచ్చరించింది. క్యాల్షియం మాత్రలూ సొంతంగా మింగకూడదు. మోతాదు మించితే అది రక్తనాళాల్లో పేరుకోవచ్చు.

జన్యువులను మార్చలేం. మిగతావి చేతిలో ఉన్నవే.

* క్యాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు డాక్టర్ చెప్పినప్పుడల్లా చేయించాలి.

* ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు భోజనంతోపాటే వేసుకోవాలి. ఆలస్యంగా వేసుకుంటే పెద్దగా ఫలితముండదు.

* కోలా పానీయాలు, ప్యాకెట్లలో వచ్చే మాంసం వంటివి మానాలి. వీటిలో కలిపే ఫాస్ఫరస్ ఒంటికి త్వరగా పడుతుంది. పాలు, పప్పులు ఎంతన్నది డైటీషియన్‌ను అడగాలి.

* డయాలసిస్ అవగానే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. కాసేపు కూర్చుని, తోడు ఉండగా లేవాలి. బాత్‌రూమ్‌లో పట్టుకోవటానికి గోడకు కడ్డీ, రాత్రిపూట చిన్న లైటు ఉంటే సగం భయం తీరినట్టే.