కార్పొరేషన్ ఎన్నికలు: వరద నీటికి వార్డు హద్దులు లేవు

శాసనసభ ఎన్నికలు వస్తున్నాయంటే మన ఇళ్లలో, హోటళ్లలో, మొహల్లా అరుగుల మీద నెల రోజుల ముందు నుంచే చర్చ మొదలవుతుంది. కార్పొరేషన్ ఎన్నికల విషయంలో ఆ ఉత్సాహం కనిపించదు. మహా హైదరాబాద్ నగరపాలక సంస్థకు 2009లో జరిగిన తొలి ఎన్నికలలో పోలైన ఓట్లు 42 శాతం. 2016లో 45 శాతం. 2020 డిసెంబరు 1న 46.55 శాతం. ఆనాడు ఓటర్ల జాబితాలో ఉన్నవారు సుమారు 74 లక్షలు. అంటే దాదాపు 40 లక్షల మంది ఇల్లు కదలలేదు. ఇంటి ముందు రోడ్డు, మురుగుకాలువ, వీధి దీపం, చెత్త బండి, జనన మరణ ధ్రువపత్రం, ఆస్తి పన్ను, ఇవన్నీ కార్పొరేషన్‌తో ముడిపడి ఉన్నవే. రోజూ మన గడపను తాకే పాలన ఇదే. అయినా సగం మందికి పైగా దాన్ని పట్టించుకోకపోవడం ఆలోచించదగ్గ విషయం.

బుద్వేల్ పరిసరాల సంగతే తీసుకుందాం. ఒకప్పుడు ఇది రాజేంద్రనగర్ మునిసిపాలిటీ ప్రాంతం. 2007 ఏప్రిల్‌లో పన్నెండు మునిసిపాలిటీలను హైదరాబాద్‌లో కలిపి జి.హెచ్.ఎం.సి.ని ఏర్పాటు చేసినప్పుడు రాజేంద్రనగర్ కూడా అందులో కలిసింది. కలిసిన వెంటనే ఎన్నికలు జరగలేదు. 2009 నవంబరు దాకా ప్రత్యేకాధికారి పాలనే సాగింది. తొలి పాలకవర్గం గడువు 2014 డిసెంబరులో ముగిశాక మళ్లీ 2016 ఫిబ్రవరి వరకు అదే పరిస్థితి. అంతకు ముందు చరిత్ర కూడా గొప్పదేమీ కాదు. పాత హైదరాబాద్ కార్పొరేషన్‌కు 1986 తర్వాత 2002 దాకా ఎన్నికలే లేవు. ఎన్నికైన సభ్యుడు లేని కాలంలో బస్తీవాసి తన గోడు చెప్పుకోవడానికి అధికారి గది ముందు పడిగాపులు కాయవలసిందే. కార్పొరేటర్ మంచివాడైనా కాకపోయినా, అతన్ని వీధిలో ఆపి అడగగలం. ఆ సౌకర్యం విలువ అది లేనప్పుడే తెలుస్తుంది.

2020 ఎన్నికలకు ఏడు వారాల ముందు ఏం జరిగిందో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుండపోత వానకు గగన్‌పహాడ్ వద్ద అప్పా చెరువు కట్ట తెగింది. బెంగుళూరు జాతీయ రహదారి ఏరులా మారింది. మనుషులు, వాహనాలు కొట్టుకుపోయారు. మైలార్‌దేవ్‌పల్లి పల్లె చెరువు పొంగి అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన పలువురిని పొట్టన పెట్టుకుంది. ప్రభుత్వం బాధిత కుటుంబానికి పది వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. ఆ సాయం అందనివారు మీ-సేవ కేంద్రాల ముందు బారులు తీరారు. నవంబరు 18న ఎన్నికల సంఘం ఆదేశంతో పంపిణీ ఆగిపోయింది.

ఇంతటి విపత్తు జరిగిన వెంటనే వచ్చిన ఎన్నికలలో చెరువులు, నాలాలు ప్రధాన చర్చ కావాలి. కానీ జరిగిందేమిటి? పాతబస్తీలో ‘సర్జికల్ స్ట్రైక్’ చేస్తామని ఒక నాయకుడు అన్నారు. నగరం పేరు మారుస్తామని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన వారు చెప్పారు. ఆక్రమణల ప్రస్తావన వచ్చినప్పుడు మజ్లిస్ నాయకుడొకరు చర్చను హుసేన్ సాగర్ ఒడ్డున ఉన్న మాజీ నేతల సమాధుల మీదికి మళ్లించారు. పత్రికల నిండా ఈ మాటలే. తెగిన కట్టను ఎవరు కడతారు, ఎప్పటికి కడతారు అన్న ప్రశ్న వెనక్కి పోయింది.

ఫలితాలు కూడా ఆ ప్రచారానికి తగ్గట్టే వచ్చాయి. 150 స్థానాలలో టి.ఆర్.ఎస్. (నేటి బి.ఆర్.ఎస్.) 56, బి.జె.పి. 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2 గెలిచాయి. 2016లో బి.జె.పి. బలం నాలుగు స్థానాలే. రాజేంద్రనగర్ సర్కిల్‌లో అప్పట్లో అయిదు వార్డులుండేవి. రాజేంద్రనగర్, అత్తాపూర్, మైలార్‌దేవ్‌పల్లి బి.జె.పి. పరమయ్యాయి. సులేమాన్‌నగర్, శాస్త్రిపురం మజ్లిస్‌కు దక్కాయి. జనాభా గీతల వెంబడే ఓట్లు చీలాయని ఎవరికైనా అర్థమవుతుంది.

అయితే నీరు ఆ గీతల వెంబడి పారదు. పై చెరువు నిండితే కింది చెరువుకు, అది నిండితే నాలాకు, నాలా పూడి ఉంటే ఇళ్లలోకి వస్తుంది. పైన ఒక పార్టీ వార్డులో చెరువు శిఖం ఆక్రమణకు గురైతే, కింద మరో పార్టీ వార్డులో పిల్లల పుస్తకాలు తడుస్తాయి. వార్డు సభ్యుడు తన వర్గం ఓట్లకే జవాబుదారీ అనుకుంటే నాలా మధ్యలోనే ఆగిపోతుంది. ముస్లిం సభ్యుడు గెలవని వార్డులో కూడా ముస్లిం కుటుంబాలున్నాయి. మజ్లిస్ గెలిచిన వార్డులో హిందూ కుటుంబాలూ ఉన్నాయి. గెలిచినవాడు అందరి కార్పొరేటర్. మనం ఓటు వేయనివాడు గెలిచినా అతన్ని పని అడిగే హక్కు మనకు పోదు. ఈ సంగతి మరచిపోతే అయిదేళ్లు నోరు కట్టేసుకున్నట్టే.

మరో కోణం కూడా ఉంది. కార్పొరేటర్ చేతిలో లేనివి చాలా ఉన్నాయి. మంచినీరు జలమండలి చూస్తుంది. లేఅవుట్లు, భూముల అభివృద్ధి హెచ్.ఎం.డి.ఎ. పరిధిలోనివి. 2023 ఆగస్టులో బుద్వేల్‌లోనే వంద ఎకరాలను హెచ్.ఎం.డి.ఎ. వేలం వేస్తే సుమారు 3,625 కోట్ల రూపాయలు వచ్చాయి. ఎకరం అత్యధికంగా 41.75 కోట్లు పలికింది. 2024 మార్చిలో ఇదే ప్రాంతంలో హైకోర్టు కొత్త భవనానికి వంద ఎకరాలలో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది జులైలో ఏర్పడిన హైడ్రా, ఆగస్టు చివరన అప్పా చెరువులో వెలసిన కట్టడాలను కూల్చింది. ఈ పెద్ద నిర్ణయాలేవీ వార్డు సభ్యుడి సంతకంతో జరిగినవి కావు. మరి అతనెందుకు? ఇంత పెద్ద భవనాలు లేచినప్పుడు వాటి మురుగు ఏ కాలువలోకి పోతుంది, ఆ కాలువ సరిపోతుందా అని కౌన్సిల్‌లో నిలదీయడానికి. ఆ ప్రశ్న అడగగలవాడిని ఎన్నుకోవడమే ఓటరు పని.

స్థానిక ఎన్నికల పట్ల నిరాసక్తత మన ఒక్కరి జబ్బు కాదు. ఇంగ్లండు స్థానిక ఎన్నికలలోనూ తరచు మూడో వంతుకు కాస్త అటూ ఇటూ ఓటర్లే వస్తారు. కానీ అక్కడి ఒక పద్ధతి గమనార్హం. సౌతెండ్, వర్దింగ్ వంటి సముద్రతీర పట్టణాలలో సభ్యులందరినీ ఒకేసారి కాక, మూడో వంతు చొప్పున విడతలుగా ఎన్నుకునే సంప్రదాయం ఉంది. నాలుగేళ్లలో మూడేళ్లు ఏదో ఒక ఓటింగ్ ఉంటుంది కనుక పార్టీలకు నిద్రపోయే వీలు తక్కువ. అక్కడ చట్టబద్ధంగా నివసించే కామన్వెల్త్ దేశాల పౌరులకు కూడా ఈ ఎన్నికలలో ఓటుంది. చదువులకో కొలువులకో వెళ్లిన మన పిల్లలు కూడా పేరు నమోదు చేసుకుంటే ఓటు వేయవచ్చు.

మన వద్ద చట్టంలోనే కొన్ని తలుపులు తెరచి ఉన్నాయి. 2020 అక్టోబరు సవరణ ప్రకారం ప్రతి వార్డులో యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో పాతిక మంది చొప్పున నాలుగు కమిటీలు ఉండాలి. ఆ కమిటీ మీ వార్డులో ఉందా, ఎన్నిసార్లు కూర్చుంది అని అడిగినవారెందరు? అదే సవరణ సగం స్థానాలను మహిళలకు చట్టబద్ధం చేసింది. పేరు భార్యది, పెత్తనం భర్తది కాకుండా చూడడం కూడా మన బాధ్యతే. నీళ్లు చొరబడిన ఇంటిని ఎత్తిపోసేది ఆడవాళ్లే కనుక నాలా గురించి వారికంటే బాగా చెప్పగలవారు లేరు.

2025 డిసెంబరులో శంషాబాద్, బండ్లగూడ జాగీర్ సహా 27 పట్టణ సంస్థలను కార్పొరేషన్‌లో కలిపి, వార్డుల సంఖ్యను 150 నుంచి 300కు పెంచారు. పాత హద్దులు చెదిరాయి. నిన్నటి వార్డే నేటిదని అనుకోవద్దు. ముందుగా ఓటర్ల జాబితాలో ఇంటిల్లిపాది పేర్లు ఏ వార్డులో ఉన్నాయో చూసుకోవాలి. ఆ తర్వాత ఓటు అడగవచ్చిన ప్రతి పార్టీ అభ్యర్థినీ, మన వాడైనా పరాయివాడైనా, ఒకే ప్రశ్న అడగాలి. ఎగువ వార్డు సభ్యుడితో, దిగువ వార్డు సభ్యుడితో కలిసి నాలా పని పూర్తి చేయిస్తారా? ఏ నెలకు? సూటిగా జవాబు చెప్పలేనివాడు ఎంత గట్టిగా మన పేరు ఎత్తినా వచ్చే వానాకాలంలో మనకు అక్కరకు రాడు.