యంత్రముల మోత, బీడీ పొగ: రైతు చెవికి రక్షణ ఏది?

పైరుకు చీడ తగిలినచో ఆకు చూచి గుర్తింతుము. పశువునకు రోగము వచ్చినచో మేత మానుట చూచి గ్రహింతుము. కాని యంత్రముల మోతవలన చెవికి కలుగు చెరుపు పైకి కనపడదు, నొప్పి పుట్టింపదు. ఇంటివారు రెండుమూడుసార్లు పిలిచినగాని పలుకని దశ వచ్చువరకు రైతు దానిని గమనింపడు. అప్పటికి సమయము మించిపోవును.

ఖమ్మం నగరపు అంచుననున్న ఖానాపురం హవేలి మొదలు భద్రాచలం అడవుల వరకు నేడు దుక్కి, కోత, నూర్పిడి చాలవరకు యంత్రములతోనే సాగుచున్నవి. ట్రాక్టరు, వరికోత మిషను, మొక్కజొన్న ఒలిచే మిషను, మిరప, పత్తి చేలలో వీపున మోయు తైవాన్ పంపు మన శ్రమను తగ్గించినవి. అందులో సందేహము లేదు. అయితే అద్దాల గది లేని ట్రాక్టరుపై కూర్చున్నవాని చెవికి సాధారణముగా 90 నుండి 100 డెసిబెల్ల మోత తగులును. 85 డెసిబెల్ల మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని నిపుణులు చెప్పుదురు. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకు ఆ గడువు సగమగును. 88కి 4 గంటలు, 94కు ఒక గంట, 100కు 15 నిమిషములు మాత్రమే. దుక్కుల రోజులలో మన డ్రైవర్లు ఎన్ని గంటలు బండి దిగకుండ పనిచేయుదురో మీకు తెలిసినదే.

పొగ చేయు చెరుపు

లోపలి చెవిలో ధ్వనిని గ్రహించు రోమకణములు సుమారు 15,000 ఉండును. పెద్ద మోతకు అవి అలసి, క్రమముగా నశించును. నశించినవి మరల పుట్టవు. వీనికి రక్తము ఒక సన్నని ధమని ద్వారానే అందును. బీడీ, చుట్ట, సిగరెట్టు పొగలోని నికోటిన్ రక్తనాళములను కుంచింపజేయును. కార్బన్ మోనాక్సైడ్ రక్తములో ప్రాణవాయువు స్థానము నాక్రమించును. అలసిన కణమునకు ప్రాణవాయువు కావలసిన వేళనే అది కొరవడును. నీటి ఎద్దడిలోనున్న పైరుకు చీడయు తోడైనట్లే.

జపాను ఉక్కు కర్మాగారపు కార్మికులపై 2003లో వెలువడిన పరిశోధన ఈ విషయమునే చూపినది. మోత, పొగ రెండును తగిలినవారిలో సన్నని ధ్వనులు వినలేకపోవుట ఎక్కువగా కనబడినది. ఆ దేశముననే సుమారు 50,000 మంది ఉద్యోగులను పరిశీలింపగా, పొగ త్రాగువారికి ఈ ముప్పు 1.6 రెట్లు ఉన్నట్లు తేలినది. మానినవారికి 5 ఏండ్లలోపే ముప్పు తగ్గినది. ఇది మనకు ధైర్యము నిచ్చు మాట.

చేనికి ఇన్‌స్పెక్టరు రాడు

ఫ్యాక్టరీలో మోతవలన కలుగు చెవుడును చట్టము వృత్తివ్యాధిగా గుర్తించినది. ఖమ్మం గ్రానైటు ఫ్యాక్టరీలో రాయి కోయు కార్మికుని గూర్చి అడుగుటకు ఒక అధికారి కలడు. అంతే మోతలో చేనిలో పనిచేయు డ్రైవరును గూర్చి అడుగువాడు లేడు. ఇది సరికాదని నా అభిప్రాయము. రాయితీపై యంత్రము ఇచ్చునప్పుడు దానితో ఒక జత చెవి కప్పులు కూడ ఇవ్వవలెను. యంత్రము నడుపుట నేర్పువారే వానిని ధరించుటయు నేర్పవలెను.

అంతవరకు మనము ఊరకుండ నక్కరలేదు. చెవి కప్పుల ధర కొన్ని వందల రూపాయలే. కూలికి డ్రైవరును పెట్టుకొన్న ఆసామి వానిని కొని ఇచ్చుట ధర్మము. పగిలిన సైలెన్సరును వెంటనే మార్పించుడు. ఒకే మనిషిని రోజంతయు కూర్చుండబెట్టక, వంతులు వేయుడు. పత్తి పండించు మనకు దూది కొరత లేదుగాని, చెవిలో పొడి దూది కుక్కుటవలన మోత ఏమాత్రమో గాని తగ్గదు. కప్పులు పెట్టుకొన్నచో వెనుకనున్నవారి కేక వినబడదని కొందరందురు. కావున బండి కదలకముందు చేతి సైగలు నిర్ణయించుకొనుడు. చెవుడు వచ్చినవానికి కప్పులు తీసినను ఆ కేక వినబడదు.

మూడడుగుల దూరముననున్నవానితో అరచి మాట్లాడవలసి వచ్చినచో ఆ మోత హానికరమని తెలియుడు. పని ముగిసిన పిదప చెవిలో కీచురాయి కూసినట్లున్నచో ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి పరీక్ష చేయించుకొనుడు. పొగ మానదలచినవారికి 1800-11-2356 నంబరుకు ఫోను చేసినచో ఉచితముగా సలహా లభించును.

భద్రాచలం అడవిలో మనవారు కోసిన తునికాకే బీడీయై మన నోటికి వచ్చుచున్నది. ఆకు కోతవలన వచ్చు కూలి ఇంటికి అవసరమే. ఆ బీడీని మాత్రము ట్రాక్టరు మీద వెలిగింపకుడు.