నష్టం ఒకరిది – సాయం మరొకరికి

కృష్ణా, గోదావరి డెల్టాలలో పుట్టి పెరిగినవారికి కార్తిక మాసం వచ్చిందంటే మనసులో ఒక మూల భయం ఉంటుంది. వరి వెన్ను తీసి, పాలు పోసుకొని, గింజ గట్టిపడే వేళకే బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వినిపిస్తుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకొంది. ఆనాటివారు ఇప్పటికీ ఆ రాత్రిని తలచుకొని ఉలిక్కిపడతారు. హెచ్చరికలూ తుపాను రక్షిత భవనాలూ పెరిగాక ప్రాణనష్టం చాలావరకు తగ్గింది. పంట నష్టం మాత్రం తగ్గలేదు. గాలిని ఆపడం మన చేతిలో లేదు. గాలి వెలిసిన తరువాత ప్రభుత్వం ఇచ్చే సాయం ఎవరికి చేరాలో నిర్ణయించడం మాత్రం పూర్తిగా మన చేతిలోని పని.

ఈ విషయంలో చట్టం మౌనంగా లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 61వ సెక్షను, బాధితులకు సహాయం అందించేటప్పుడు స్త్రీ పురుష భేదం గాని, కుల, మత, వర్గ, వంశ భేదాలు గాని పాటించరాదని శాసిస్తున్నది. ఉదాత్తమైన నియమమే. అయితే ఆ జాబితాలో లేని భేదం ఒకటి ఉంది. అది కాగితం ఉన్నవారికీ లేనివారికీ మధ్య ఉన్న భేదం. నా దృష్టిలో నేటి అన్యాయాలలో అధికభాగం అక్కడినుంచే పుడుతున్నది.

తుపాను వెలిసిన మూడోనాడో నాలుగోనాడో డెల్టాలోని ఏ ఊరికైనా వెళ్ళి చూడండి. చేలు నేలకు వాలి ఉంటాయి. మడిలో నీరు తీయక వెన్నుకే మొలకలు వస్తుంటాయి. మోకాలిలోతు బురదలో నిలబడి, పడిన పైరును కట్టలుగా నిలబెడుతున్న మనిషి చాలాచోట్ల ఆ భూమికి యజమాని కాడు, కౌలు రైతు. విత్తనాలు, ఎరువులు, కూలి, చేసిన అప్పు అన్నీ అతనివే. నష్టం లెక్కించడానికి వచ్చిన ఉద్యోగి అడిగేది మాత్రం పట్టాదారు పాసుపుస్తకం. ఆ పుస్తకం మీద ఉన్న పేరుగలవారు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. వారి పేరే జాబితాకు ఎక్కితే పెట్టుబడి రాయితీ వారి ఖాతాకే పోతుంది. ఇంతటితో కౌలు రైతు కష్టం తీరిందా అంటే, లేదు. పంట పోయినా, ముందుగా మాట్లాడుకొన్న కౌలు బస్తాల బాకీ అతని నెత్తిమీదే ఉంటుంది. కొందరు యజమానులు దయతలచి కౌలు తగ్గిస్తారు, మరికొందరు వచ్చిన సాయాన్ని పంచి ఇస్తారు. వారు గౌరవనీయులే. కాని హక్కుగా అందవలసినది ఒకరి దయమీద ఆధారపడటం న్యాయం అనిపించుకోదు.

పోనీ, ఆ సాయం గొప్పదా అంటే అదీ కాదు. 2022లో కేంద్రం ప్రకటించిన ప్రమాణాల ప్రకారం నీటివసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు లెక్కిస్తే ఏడువేలకు లోపే. పంటలో కనీసం 33 శాతం నష్టపోయి ఉండాలి. 2015కు ముందు ఆ హద్దు 50 శాతంగా ఉండేది. ఇంత స్వల్ప మొత్తం కూడా దారి తప్పితే ఇక చెప్పేదేముంది?

ఈ చిక్కును పాలకులు గుర్తించలేదనడం సరికాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చి, దాని ద్వారా పంట రుణానికీ నష్టపరిహారానికీ దారి చూపడం దాని ఉద్దేశం. రాష్ట్ర విభజన తరువాత, 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టాన్ని తెచ్చింది. పదకొండు నెలలకు ఒప్పంద పత్రం రాసుకోవాలి, దానిమీద యజమాని సంతకం ఉండాలి. చిక్కంతా ఆ సంతకంలోనే ఉంది. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని భయం. 1956 నాటి కౌలుదారీ చట్టం మిగిల్చిన అనుమానం అది. కొత్త చట్టం భూమి హక్కుకు భంగం లేదని చెప్పినా ఆ అనుమానం తొలగలేదు. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. ఉన్న రెండెకరాలనూ కౌలుకిచ్చి, ఆ రాబడితో కాలం గడిపే వృద్ధ వితంతువు కూడా యజమానే కదా!

కాగితం అడగకపోతే దొంగ పేర్లు చేరుతాయని అధికారులు అంటారు. ఈ వాదంలో బలముంది, పంచేది ప్రజల ధనం. అందుకే విపత్తు నిర్వహణ చట్టంలోని 52వ సెక్షను, తప్పుడు సమాచారమిచ్చి సాయం పొందేవారికి రెండేళ్ళవరకు జైలు శిక్షను విధించింది. కాని పాసుపుస్తకం రుజువు చేసేది భూమి ఎవరిదో మాత్రమే. పంట ఎవరు వేశారో అది చెప్పలేదు. ఏ చేను ఎవరు దున్నారో ఊరంతటికీ తెలుసు. తెలియనిది రికార్డుకే.

ఇది పల్లెలకే పరిమితమైన సమస్య కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదు జలమయమైనప్పుడు బాధిత కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించారు. నవంబరు నాటికి మీ-సేవ కేంద్రాల ముందు జనం బారులు తీరారు. అంతలో నగరపాలక ఎన్నికలు వచ్చాయి, ఎన్నికల సంఘం పంపిణీని నిలిపివేసింది. వరుసలో నిలబడినవారి ఇళ్ళలోని బురద ఎన్నికల తేదీలు చూసుకొని రాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, నేల అంతస్తులో ఉన్నవారికి 25,000, పై అంతస్తులవారికి 10,000 రూపాయలుగా నిర్ణయించారు. ఈ పద్ధతిలోనూ లోటుపాట్లు వెదకవచ్చు. అయినా నీరు ఎంతవరకు వచ్చిందో దాన్నిబట్టి సాయాన్ని కొలిచే ప్రయత్నం ఇందులో కనిపిస్తుంది. పొలం దగ్గర మాత్రం ఆస్తి కాగితమే ఇంకా కొలబద్దగా ఉంది.

ఉపాధి హామీ పనులమీద 2006 నుంచే సామాజిక తనిఖీలు జరిపించిన అనుభవం మనకుంది. ఎవరు ఎన్ని రోజులు పని చేశారో, ఎంత కూలి అందిందో ఊరివారి ఎదుటే చదివి వినిపించేవారు. పంట నష్టం జాబితాను కూడా డబ్బు విడుదలకు ముందే గ్రామసభలో అలాగే చదవవచ్చు. అభ్యంతరాలకు వారం రోజులు గడువు ఇవ్వవచ్చు. ఆ జాబితాలో యజమాని పేరుకు ఒక గడి, సాగు చేసినవారి పేరుకు మరొక గడి ఉండాలి. డబ్బు ఎప్పుడూ రెండో గడిలోని పేరుకే జమ కావాలి. తన భూమిని తానే దున్నుకొనేవారి పేరు రెండు గడులలోనూ వస్తుంది. వారికి ఏ నష్టమూ లేదు.