మందు కాదని చెప్పని డబ్బా

కిందటేడాది ఎండాకాలంలో అమ్మ గుంటూరు నుంచి డల్లాస్ వచ్చింది. రెండు నెలలు గడిచాక ఒకరోజు "గుండె దడదడలాడుతోందిరా, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు" అంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. "ఏమేం మందులు వాడుతున్నారు?" అని ఆవిడ అడిగితే అమ్మ తరఫున నేనే జవాబు చెప్పాను. "థైరాయిడ్ బిళ్ళ, బీపీ బిళ్ళ. అంతే."

రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా పడిపోయి ఉంది. అంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైందన్నమాట. ఏళ్ళుగా అదే మోతాదు బిళ్ళ, మరి ఇప్పుడెందుకు ఎక్కువైనట్టు? "విటమిన్లు, పొడులు, కషాయాలు ఏవైనా ఉన్నాయా?" అని ఆవిడ మళ్ళీ అడిగారు. అప్పుడు వెలిగింది నాకు. అశ్వగంధ క్యాప్సూల్స్, రోజుకు రెండు. నీరసంగా ఉంటోందంటే నేనే కొనిచ్చాను.

అదొక్కటే కారణమని డాక్టర్ ఒట్టేసి చెప్పలేదు గానీ వెంటనే ఆపించారు. ఆరు వారాల తర్వాత చేసిన పరీక్షలో అంతా మామూలుకొచ్చింది.

నేనేమీ దాచలేదు. నా లెక్కలో అసలు అది మందే కాదు. మనలో చాలామంది లెక్క ఇదే. పనిచేస్తుందని నమ్మే వేసుకుంటాం, హాని చేస్తుందేమో అని ఎవరైనా అంటే "అది మందు కాదుగా" అంటాం. రెండూ ఎలా కుదురుతాయి? ఒంట్లో ఏదైనా మార్చగలిగింది, పక్కన వేసుకునే బిళ్ళ పనినీ మార్చగలదు.

తర్వాత కూర్చుని చదివాను. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు. అరుదుగానే అయినా లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. దానిమీద జరిగిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం రెండు మూడు నెలలవి, కాబట్టి ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో అవి చెప్పలేవు. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. పసుపు సంగతీ అంతే. పప్పులో వేసే చిటికెడు వేరు, ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపి చేసిన కర్క్యుమిన్ క్యాప్సూల్ వేరు. ఇక అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం, సప్లిమెంట్ అమ్మేముందు అది పనిచేస్తుందని ఎఫ్‌డీఏకి రుజువు చేసి అనుమతి తెచ్చుకోనక్కర్లేదు.

"మన అమ్మమ్మలు వాడలేదా?" అంటారు. వాడారు. మా అమ్మమ్మ జలుబుకి మూడు రోజులు కషాయం పోసేది, ఏడాది పొడుగునా కాదు. ఆవిడకి బీపీ బిళ్ళా, థైరాయిడ్ బిళ్ళా లేవు. ఆయుర్వేద వైద్యుడైనా మనిషిని చూసి, పథ్యం చెప్పి మందిచ్చేవాడు. నేనేమో చుక్కల రేటింగ్ చూసి కొన్నాను.

ఆయుర్వేదం వద్దని నేననడం లేదు. డాక్టర్ రాసిన బిళ్ళలు మీ అంతట మీరు మానేయమనీ అనడం లేదు. అమ్మానాన్నలు వాడే ప్రతి డబ్బాకీ, పొడికీ, లేహ్యానికీ ఫోన్లో ఫొటో తీసిపెట్టుకుని డాక్టర్‌కి చూపించండి, అంతే. ఆపరేషన్ ఉంటే మరీ ముఖ్యం.

ఆరోజు కారెక్కాక అమ్మని అడిగాను, "డాక్టర్ అడిగినప్పుడు నువ్వైనా చెప్పొచ్చు కదమ్మా?" అని.

"నువ్వే కదరా కొనిచ్చింది. మందైతే నువ్వే చెప్పేవాడివి కదా అనుకున్నాను" అంది.