గొత్తికోయల మీద వ్యాసాలు షేర్ చేసే ముందు

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

గొత్తికోయల మీద వచ్చే వ్యాసాలను మనవాళ్ళే "కరెక్టుగా రాశాడు" అని షేర్ చేస్తున్నారు. అవి మనల్ని ఎట్లా ఒప్పిస్తున్నాయో చూశారా?

పోలవరంలో ఊరు మునిగిన కోయవాళ్ళు "నిర్వాసితులు". ఛత్తీస్‌గఢ్‌లో ఊరు కాలిపోయి ఇటు వచ్చిన ఆదివాసీలు మాత్రం "చొరబాటుదారులు". ఇద్దరికీ పోయింది ఊరే కదా! దేశం దాటలేదు కాబట్టి చట్టం లెక్కలో వాళ్ళు శరణార్థులు కూడా కాదు, ఈ దేశ పౌరులే. ఆ ఒక్క మాటతోనే తీర్పు అయిపోతుంది, మిగతా వ్యాసం చదివే పనే లేదు. (గొత్తికోయ అనే పేరు కూడా ఇక్కడివాళ్ళు పెట్టిందే. వాళ్ళలో ఎక్కువమంది మురియాలు.)

తర్వాత "వచ్చారు, అడవి నరికారు, గుడిసెలు వేశారు" అని రాస్తారు. ఎందుకు వచ్చారో రాయరు. 2005 జూన్‌లో సల్వాజుడుం మొదలైంది. అటు జుడుం, పోలీసులు, ఇటు మావోయిస్టులు, మధ్యలో ఊళ్ళు ఖాళీ అయినయ్. ఆదివాసీ యువకులను ఎస్పీవోలుగా పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ ముక్క ఎన్ని వ్యాసాల్లో చదివారు? తరిమినవాడు వాక్యంలో ఉండడు, పారిపోయి వచ్చినవాడే ఉంటాడు.

2022 నవంబర్‌లో చంద్రుగొండ మండలంలో ఫారెస్ట్ రేంజ్ అధికారిని చంపారు. ఘోరం, దానికి సాకు లేదు. కేసులో నిందితులు ఇద్దరు. పంచాయతీ మాత్రం గొత్తికోయలందరినీ పంపెయ్యాలని తీర్మానం చేసింది. హాస్టల్లో ఒక్కడు తప్పు చేస్తే "ఈ ట్రైబల్స్ అంతా ఇంతే" అనిపించుకున్న మనకు ఈ లెక్క కొత్తదా?

అన్నిటికన్నా మనకు బాగా ఎక్కేది "స్థానిక ఆదివాసీల భూమి పోతోంది" అనే మాట. ఇందులో సగం నిజముంది. పోడు మీద ఒత్తిడి ఉంది, మా ఊరి వాగు దగ్గర కూడా గొడవలైనయ్. కానీ మనం పోడు పట్టాలు అడిగినప్పుడు వీళ్ళే "అడవి నాశనం" అని రాయలేదా? అవతలివాళ్ళ గుడిసెలు కూల్చేటప్పుడే మన మీద ప్రేమ పుడుతుందా? అటవీ హక్కుల చట్టానికి కటాఫ్ 2005 డిసెంబర్ 13. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు ఆ చట్టం కింద పట్టా రాదు. మరి "మన పట్టాలు లాక్కుంటున్నారు" అని రాసేవాడికి ఈ తేదీ తెలియదా?

వాళ్ళ తరఫున రాసేవాళ్ళూ తక్కువేం కాదు. "అమాయకులు, నోరులేని జీవులు" అంటారు. నేనూ ఒకప్పుడు అట్లనే రాశాను, ఇప్పుడు సిగ్గేస్తుంది. వాళ్ళకు నోరుంది, అడిగినోళ్ళే లేరు.

వాళ్ళ మాట మన కోయకు దగ్గరే. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు దగ్గర్లోని గుంపుకు పోయి అడగండి: ఏ ఊరు, ఏ ఏడు వచ్చారు, ఎవరు తరిమారు. రాసుకొచ్చి ఇక్కడ పెట్టండి. పేర్లు, గుంపు పేరు మాత్రం వద్దు.