జవాబు చెప్పలేదా?

స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అని 2014 సెప్టెంబరు 18న ఓటింగు జరిగినప్పుడు అక్కడి మనవాళ్ళకూ ఓటుంది. స్కాట్లండ్‌లో నివాసముంటున్న కామన్వెల్తు పౌరులు కనుక భారత పాస్‌పోర్టు అడ్డు రాలేదు. 84.6 శాతం మంది ఓటు వేశారు. 55 శాతం వద్దన్నారు, 45 శాతం కావాలన్నారు. ఓట్ల లెక్క తేలింది గాని, వార్తల మీద వచ్చిన తగాదా మాత్రం తేలలేదు.

ఓటింగుకు సరిగ్గా వారం ముందు ఎడింబరోలో విలేకరుల సమావేశం జరిగింది. విడిపోతే రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ తన రిజిస్టర్డ్ ఆఫీసును ఇంగ్లండుకు మారుస్తుందన్న వార్త అప్పుడే వచ్చింది. పెద్ద వ్యాపారస్థుల మాట కాదని మీ మాట ఎందుకు నమ్మాలని బి.బి.సి. రాజకీయ సంపాదకుడు నిక్ రాబిన్సన్ అడిగారు. ఫస్ట్ మినిస్టరు అలెక్స్ సాల్మండ్ చాలా నిమిషాలు మాట్లాడారు. బ్యాంకు కబురు ట్రెజరీ నుంచి ముందే బి.బి.సి.కి ఎలా చేరిందని ఎదురు నిలదీశారు కూడా. ఆ రాత్రి వార్తల్లో మాత్రం ఆయన జవాబివ్వలేదని చెప్పారు!

పూర్తి వీడియో చూసినవాళ్ళు మండిపడ్డారు. 14వ తేదీన గ్లాస్గోలో బి.బి.సి. ఆఫీసు ముందు జనం గుమిగూడారు. తమకు పక్షపాతం లేదని బి.బి.సి. అంది. ఆ మాట అలా అనకుండా ఉండవలసిందని మరుసటి ఏడు రాబిన్సనే ఒప్పుకున్నారు. జవాబు తృప్తిగా లేదనడం వేరు, అసలు ఇవ్వలేదనడం వేరు.

అయితే కోపంలో ఉన్నవారి చేతికి వచ్చిందల్లా నిజమూ కాలేదు. లెక్కింపు రాత్రి డండీలో "కావాలి" ఓట్లను "వద్దు" బల్ల మీద పెట్టారంటూ ఒక వీడియో తిరిగింది. అవి ఇంకా వేరు చేయని కట్టలనీ, తాత్కాలికంగా అక్కడ ఉంచామనీ అధికారులు చెప్పినా చాలామంది నమ్మలేదు. పెద్ద సంస్థ మీద నమ్మకం పోయినవాడు ఏదీ నమ్మకుండా ఉండడు, దొరికిన ముక్కనల్లా నమ్ముతాడు. అసలు నష్టం అక్కడే ఉంది.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. స్కాట్లండ్‌లో ఆ ఒక్క మాట సర్దుకునేసరికే ఏడాది కావచ్చింది. పోలింగు తేదీ అంతదాకా ఆగదు. అదే 2014లో తెలంగాణ ఏర్పడింది. ఆ ఏళ్ళలో ఏ పత్రిక ఎటువైపో చూసుకున్నాకే వార్త చదవడం మనకూ అలవాటైంది. దానికన్నా, మన పక్షానికి నచ్చిన వార్త వచ్చినప్పుడు కూడా ప్రశ్నా జవాబూ మొత్తం వినడం మేలు.